పది నోళ్ల బీడు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేస్తాను. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. వారానికి ఆరు రోజులు సున్నపురాయి లారీ మీద తిరిగే మా ఆయన, నా కాళ్లకు చక్రాలున్నాయని ఎగతాళి చేసేవాడు. మా మామయ్య మాత్రం ఏమీ అనేవారు కాదు. నన్ను ఒకసారి చూసి, ఆకాశాన్ని ఒకసారి చూసి, తలగుడ్డ చుట్టుకుంటూ బీడు వైపు వెళ్లిపోయేవారు. ఆ చూపుకు నాకు ఒళ్లు మండేది.

ఎనభైల నడుమ సంగతి ఇది. గురజాలకూ మాచవరానికీ మధ్య, కాలవ నీళ్లు ఎక్కని మెరక మీద మాకు ఎనిమిదెకరాల బీడు ఉండేది. కాలవ కిందివాళ్లంతా వరి, మిరప, పత్తి అంటుంటే మాకు గడ్డి. పైన అడుగు మందం మట్టి, దాని కింద అంతా నాపరాయి. నాగలి దిగితే ఖంగుమనేది. అందుకే మామయ్య ఆ గడ్డినే పంటలాగా చూసుకునేవారు. బీడును రాళ్ల కట్టతో రెండు సగాలు చేశారు. తొలకరి పడ్డాక ఒక సగంలో పశువులు మేసేవి. రెండో సగానికి వెళ్లే దారికి ముళ్ల కంప అడ్డం పెట్టి మూసేసేవారు. దసరా వెళ్లాక దాన్ని కోసి, ఎండబెట్టి, దొడ్లో వామి వేసేవారు. వేసవి అంతా పశువులు బతికేది ఆ వామి మీదే.

మేసే సగంలో గడ్డి ఎంత మిగిలిందో చూడ్డానికి ఆయనకు ఒక కొలత ఉండేది. గొంతుకూర్చొని, పిడికిలి బిగించి గడ్డి మొదట్లో నేలకు ఆనించేవారు. గడ్డి పిడికిలి దాటి ఉంటే పశువులు మేయొచ్చు. పిడికిలికి సమానమైతే ఆ పూటే వాటిని బయటికి తోలి, గట్ల వెంట మేపుకురావాలి. వానపడి గడ్డి మళ్లీ లేచేదాకా లోపలికి రానిచ్చేవారు కాదు. ఎరువు సంగతికొస్తే, ఏటా ఎండల్లో గొర్రెల కాపరులను పిలిచి, మూసే సగంలో పదిరోజులు మంద పెట్టించేవారు. ఆ గొర్రెల పెంటికలే బీడుకు బలం.

మూసిన సగంలో, కంపకు నాలుగడుగుల దూరంలో, నులక మంచమంత నాపబండ ఒకటి పరిచి ఉండేది. దాన్ని ఉప్పు బండ అనేవాళ్లం. అమావాస్య నాటి పొద్దున మామయ్య తట్టలో రాళ్ల ఉప్పు తెచ్చి ఆ బండ మీద పోసి, కంప లాగి, "హో" అని ఒక్క కేక వేసేవారు. పశువులు తోసుకుంటూ వచ్చి ఉప్పు నాకి, మళ్లీ తమ సగంలోకి వెళ్లిపోయేవి. అన్నిటికంటే ముందు తెల్లావు వచ్చేది. మా అత్తయ్య పోయిన ఏడు మామయ్య దాన్ని దూడగా తెచ్చుకున్నారట. నేను కాపురానికి వచ్చేసరికే అది మందకు పెద్ద. ఆయన కేక వేయకముందే, తట్ట చూసి కదిలేది.

మొత్తం పది పశువులు. రెండు ఎడ్లు, తెల్లావు, దాని పెయ్య, ఆరు గేదెలు.

"ఈ బీడు పది నోళ్లు మేపిద్ది అమ్మాయ్. పదకొండోది వచ్చిందా, పదింటికీ కడుపు నిండదు" అనేవారు మామయ్య.

"పది అని ఎవరు చెప్పారు మామయ్యా? బీడు చెప్పిందా?" అన్నాను ఒకసారి, నోరు ఊరుకోక.

"చెప్పిద్ది. ఇనేవాళ్లుంటే చెప్పిద్ది" అన్నారు.

నేను వినేరకం కాదు. మా ఊరికి పాల వ్యాను రావడం మొదలైంది. మా పుట్టింటివాళ్లు నాకు రెండు గేదె పడ్డలు తోలారు. అవి ఈనాయి. ఆ పాల మీద మరో నాలుగు గేదెలు కొన్నాను. మొత్తం పదహారు. నా ఆత్రం చూసి నవ్వినవాళ్లున్నారు గానీ, నా బాధ నాది. ఆ ఇంట్లో గిన్నెలు అత్తయ్యవి, పొలం మామయ్యది, లారీ ఎవరో షావుకారుది. ఆ ఆరు గేదెలు మాత్రం నావి. పొద్దున్నే వాటి పొదుగు కింద చెంబు పెట్టి కూర్చునేదాన్ని; నేను ఎక్కడైనా కుదురుగా కూర్చున్నానంటే అక్కడే.

నాలుగో గేదె ఇంటికొచ్చిన రోజు మామయ్య అరుగు మీద కూర్చొని చేతివేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"దసరాకు గడ్డి కోసినంక వామి చూద్దాం అమ్మాయ్. పదహారింటికి సరిపోనుంటే ఉంచుకో. నేనేమనను. సరిపోలేదా, నీ ఆరూ సంతకు తోలాల. ఎండల్లో పశువు డొక్కలు ఎండటం నేను చూడలేను."

"సరిపోతుంది చూడండి" అన్నాను. ఎలా సరిపోతుందో నాకే తెలియదు.

ఆ ఏడు అన్నీ ఎదురుతిరిగాయి. గొర్రెల మందను కాలవ కింద మాగాణివాళ్లు ముందుగానే పిలుచుకుపోయారు. మా బీడుకు పెంటిక రాలలేదు. మృగశిర కార్తె ఎండగానే పోయింది. ఆరుద్రలో నాలుగు చినుకులు రాలి, దుమ్ము వాసన తప్ప ఏమీ మిగల్లేదు. నేను రోజుకు మూడుసార్లు బీడుకు వెళ్లేదాన్ని. వెళ్లి చేసేదేమీ లేదు. రాళ్ల కట్ట మీద నిలబడి అటు చూసి, ఇటు చూసి, మబ్బు ఎటు పోతుందో చూసి, ఇంటికొచ్చి, పొయ్యి అంటించి, మళ్లీ వెళ్లేదాన్ని. మేసే సగంలో గడ్డి నేలకు అంటుకుపోతోంది. మామయ్య మోకాళ్ల నొప్పులతో నాలుగు రోజులు బీడుకు రాలేకపోతే, ఆ కొలతేదో నేనే చూసి చెబుతానన్నాను. కూర్చొని పిడికిలి ఆనించాను. నా పిడికిలి ఆయన దానిలో సగం ఉంటుంది. నా లెక్కలో గడ్డి ఎప్పుడూ మిగిలే ఉంది.

"ఉంది మామయ్యా, పిడికిలి దాటే ఉంది" అని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. నిజం మాత్రం అసలే కాదు.

యూరియా ఆలోచన అప్పుడే వచ్చింది. కాలవ కింద వరికి జల్లితే వారానికి మడి పచ్చదనంతో నల్లబడటం రోజూ చూస్తున్నాం. వరి మాత్రం గడ్డి కాదా? మూసిన సగానికి జల్లితే, గొర్రెల మంద చేయాల్సిన పని ఈ మందు చేస్తుంది కదా అనుకున్నాను. మా ఆయనతో చెప్పి లారీలో రెండు యూరియా కట్టలు తెప్పించాను.

"బీడుకు మందు ఏందమ్మాయ్?" అన్నారు మామయ్య, కట్టలను కాలితో తట్టి చూస్తూ. వద్దని మాత్రం అనలేదు. కాసేపటికి ఆయనే, "జల్లితే మంచి వానపడి నేల తడిసినంకే జల్లాల. జల్లినంక ఇరవై రోజులు ఏ పశువునీ నోరు పెట్టనీయమాక. దాని సంగతి మనకు తెలవదు" అన్నారు.

పునర్వసులో ఒక వాన దంచింది. మర్నాడు ఆయన కర్ర పట్టుకొని బీడుకు వచ్చారు. నేను చీర కొంగు బిగించి మొదటి కట్ట జల్లాను. "గుప్పిట్లో తక్కువ పట్టు. పలచంగా, చెయ్యి తిప్పి జల్లు" అంటూ ఆయన నా వెనకే నడిచారు. పది రోజులకు గడ్డి రంగు మారింది. అంత చిక్కని ఆకుపచ్చ ఆ మెరక మీద నేనెన్నడూ చూడలేదు. మామయ్య కూడా ఒక పోచ తుంచి, నలిపి, వాసన చూసి, "బాగానే లేచిందే" అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ సాయంత్రం పాలు పితుకుతూ ఆరు గేదెలతోనూ మాట్లాడాను, మీరెక్కడికీ పోరు అని.

అయితే ఇవతలి సగంలో ఇక మట్టే మిగిలింది. పదహారు పశువులు రాళ్ల కట్ట పక్కన బారుగా నిలబడి, తలలు పైకెత్తి ఆ పచ్చదనం వైపే చూస్తుండేవి. వాటిని గట్లకు తోలాలి. పదహారింటిని ఒక్కదాన్నే గట్ల మీద కాస్తే పక్కవాళ్ల చేలో పడతాయి, బందెలదొడ్డికి తోలేస్తారు. ఆ రెండు వారాలు కంపను తాడుతో కట్టి, చేతికొచ్చిన చెత్తా చెదారం మేతగా వేసి నెట్టుకొచ్చాను.

పెదకూరపాడులో దగ్గరి బంధువు దినానికి మామయ్య వెళ్లాల్సి వచ్చింది. బయల్దేరేటప్పుడు గడపలో ఆగి, "రెండో కట్ట నేనొచ్చినంక జల్లుదాం. అమావాస్య దగ్గరకొచ్చింది, పశువులు ఉప్పుకి చూస్తన్నయ్, అది కూడా నేనే పోస్తా. నువ్వేం తొందరపడమాక" అన్నారు.

తొందరపడొద్దని నాకు చెప్పడం, కుక్కను మొరగొద్దనడం ఒకటే.

ఆయన వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున వాన పడింది. తెల్లారేసరికి ఆగింది. నేల చక్కగా తడిసి ఉంది. మళ్లీ ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? ఆయన వచ్చేసరికి ఈ తడి ఆరిపోతే? గుమ్మం దగ్గరికీ పెరట్లోకీ పదిసార్లు తిరిగాను. పదకొండోసారి కట్టను చక్రాల బండి మీద వేసుకొని బీడుకు తోసుకుపోయాను.

కంప విప్పి, బండిని లోపలికి తోసి, కంప మళ్లీ అడ్డం పెట్టాను. తాడు కట్టలేదు. ఎందుకు కట్టలేదంటే చేతులు తడిగా ఉన్నాయి, ముడి పడలేదు, మబ్బు మళ్లీ కమ్ముతోంది. కట్టను కింద పెడదామంటే నేలంతా బురద. తడి తగిలితే యూరియా కరిగిపోతుంది. చుట్టూ చూస్తే శుభ్రంగా, గట్టిగా, నేలకు జానెడు ఎత్తున ఉన్నది ఒక్కటే. కొంగుతో దాని మీది తడి తుడిచి, కట్ట కోసి, ఉన్నదంతా ఉప్పు బండ మీద కుప్పగా పోశాను.

మామయ్య ఉప్పు మోసుకొచ్చే తట్ట బండ పక్కనే ఉంది. ఆ తట్ట నింపుకొని, దూరపు మూల నుంచి జల్లుకురావడానికి వెళ్లాను. రాళ్ల కట్ట అవతల నిలబడి చూస్తున్న పశువులకు వీపు పెట్టి నడిచాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా వీపే నాకు కనిపిస్తుంది.

తట్ట ఖాళీ అయ్యి వెనక్కి తిరిగేసరికి కంప పక్కకు తోసి ఉంది. తెల్లావు బండ మీద తల పెట్టి నాకుతోంది. దాని పక్కన నా గేదెలు రెండు, ఎడ్లలో ఒకటి, వెనక మిగతావి తోసుకుంటున్నాయి. తెల్లటి కుప్ప, అమావాస్య ముందు రోజులు, చేతిలో తట్ట. వాటి తప్పేముంది? అవి ఎన్నేళ్లుగానో నేర్చుకున్నదే చేశాయి.

అరుస్తూ పరిగెత్తాను. బురదలో రెండుసార్లు పడ్డాను. గేదెలు దెబ్బలకు బెదిరి పక్కకు పోయాయి. తెల్లావు మాత్రం కదల్లేదు. దాన్ని ఎన్నడూ ఎవరూ ఆ బండ దగ్గర కొట్టలేదు. కర్రతో వీపు మీద కొడితే తల తిప్పి నావైపు చూసి మళ్లీ నాకింది. చివరికి కొమ్ములు పట్టుకొని లాగాను.

అరగంట కూడా పట్టలేదు. ముందు ఒక గేదె కాళ్లు తడబడ్డాయి. చెవులు, పెదాలు అదరడం మొదలైంది. నోటి నుంచి నురగ. పొట్ట డప్పులా బిగిసింది. నా గొంతు విని రోడ్డు మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసే భాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది వదినా, ఏం తిన్నయ్?" అన్నాడు.

"యూరియా" అన్నాను.

అతను మోటారు సైకిలు మీద గురజాల పశువుల ఆసుపత్రికి పోయి కాంపౌండరును వెనక కూర్చోబెట్టుకొచ్చాడు. కాంపౌండరు రాగానే, "పులుపు పట్టించండి, చన్నీళ్లు పట్టించండి, ఎంత దొరికితే అంత" అన్నాడు. ఊళ్లోవాళ్లు పుల్లమజ్జిగ కుండలతో వచ్చారు. ఎవరింట్లో చింతపండు వాళ్లు బిందెల్లో పిసికి తెచ్చారు. వెదురు గొట్టం పట్టుకొని, పశువు తల ఎత్తి, పళ్ల సందులోంచి పోస్తూనే ఉన్నాం. నా చేతులు చింతపండు పులుపుకు మంటలెత్తాయి. ఒకదానికి పోస్తుంటే ఇంకోటి కూలుతోంది. ఏది ముందు, ఏది తర్వాత అని ఆలోచించే తీరిక లేదు. అయినా నేను ఆలోచించాను. చెప్పకుండా దాచి ఏం లాభం? మొదటి గొట్టం నా గేదెకు పోశాను. తర్వాత నా రెండో గేదెకు. తెల్లావు దగ్గరికి ఆ రెండింటి తర్వాతే వెళ్లాను.

అప్పటికే దాని కళ్లు తేలేశాయి. మధ్యాహ్నం దాటకముందే పోయింది. నా గేదెలు రెండూ దాని తర్వాత ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఎద్దు బతికింది. మిగతావాటికి ఏమీ కాలేదు.

మర్నాడు మామయ్య బస్సు దిగేసరికి ఎవరో చెప్పేశారు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆయన తిడతారని, కర్ర విసురుతారని, పుట్టింటికి పొమ్మంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను. ఆయన చేతిసంచి అరుగు మీద పెట్టి, "ఎన్ని?" అన్నారు.

"మూడు. తెల్లావు..." అన్నాను.

ఆయన తల ఊపి, మళ్లీ చెప్పులేసుకొని, బావి దగ్గర రెండు బిందెలు నింపి, కావడి వేసుకొని బీడుకు వెళ్లారు. నేను దూరంగా వెనకే నడిచాను. ఆయన ఆ బండను కడిగారు. నీళ్లు పోసి, కొబ్బరి పీచుతో రుద్ది, మళ్లీ పోసి, మళ్లీ వెళ్లి నీళ్లు తెచ్చి. మోకాళ్ల నొప్పుల మనిషి ఆ రోజు ఎన్నిసార్లు బావికి వెళ్లారో. నేను సాయం వస్తానన్నా చేయి అడ్డం పెట్టారు.

పదమూడు మిగిలాయి. నా నాలుగింట్లో మూడింటిని, వీలు చూసుకొని, వినాయక చవితి లోపే నేనే సంతకు తోలించాను. ఎవరూ తోలమనలేదు. ఎడ్లు, పెయ్య, గేదెలు ఏడు. పది.

దసరా వెళ్లాక మూసిన సగం కోశాం. నడుము ఎత్తు గడ్డి. రెండు వాములు లేచాయి, అంతకుముందు ఏటా ఒక్కటే లేచేది. పదహారింటికీ సరిపోయేది. వామి తొక్కుతూ పైన నిలబడ్డ కూలీలు, "ఈ ఏడు ఏం పెట్టారమ్మా బీడుకి, ఇంత గడ్డొచ్చింది?" అని అడిగారు. నేను వంటింట్లోకి వెళ్లి తలుపేసుకున్నాను.

తెల్లావు పోయాక వచ్చిన మొదటి అమావాస్యకే మామయ్య కొత్త తట్టలో ఉప్పు తెచ్చారు. బండ మీద పోసే ముందు ఒక రాయి తీసి నోట్లో వేసుకున్నారు. చప్పరించి, మింగి, అప్పుడు పోసి, కంప లాగి, కేక వేశారు. పశువులు వచ్చాయి. తెల్లావు పెయ్య ముందు వచ్చింది. అలా ప్రతి అమావాస్యకూ. నావైపు చూడలేదు. కానీ నేను అక్కడుండగా ఆయన ఉప్పు నోట్లో వేసుకున్న ప్రతిసారీ, నాకు నేల చీలి లోపలికి పోవాలనిపించేది. వెళ్లకుండా ఉండలేకపోయేదాన్ని. వెళ్లి, రాళ్ల కట్ట ఇవతలే నిలబడేదాన్ని. కంప మీద చేయి వేయలేదు. పాలు పితికేటప్పుడు కూడా లేచి లేచి కూర్చునేదాన్ని.

మూడేళ్లు గడిచాయి. గొర్రెల మంద మళ్లీ వస్తోంది. వాన చూసి, ఆయన దగ్గరుండగానే, ఏడాదికి ఒక్క కట్ట జల్లుతున్నాం. కట్ట బండి మీదే ఉంటుంది, పశువులు గొడ్లపాకలో కట్టేసి ఉంటాయి. పదకొండోదాన్ని కొనమని మా ఆయన రెండుసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను.

ఆ శ్రావణ అమావాస్యకు మామయ్యకు మోకాళ్లు బాగా వాచాయి. అయినా కర్ర ఊతంతో వచ్చారు. బండ పక్కన ఆగి, తట్ట నావైపు చాచారు. నాకు అర్థం కాలేదు.

"నోట్లో ఏసుకొని చూడమ్మాయ్" అన్నారు.

ఒక రాయి తీసి నాలుక మీద పెట్టుకున్నాను. కరిగేదాకా ఆగాను. కళ్లల్లో నీళ్లు తిరిగితే తుడుచుకోలేదు.

"ఉప్పే మామయ్యా" అన్నాను.

"అయితే కంప తియ్యి" అన్నారు.

తీశాను. కేక కూడా నేనే వేశాను. తెల్లావు పెయ్య, ఇప్పుడది పెయ్య కాదు, ముందు కదిలింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ, పది పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను.